ల్యాప్‌టాప్ కొనకముందే మీ నుంచి ఒక కాగితం కావాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, డిగ్రీ కళాశాలల ప్రిన్సిపాళ్లకు, విభాగాధిపతులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అయ్యలకు, అమ్మలకు నమస్కారాలు.

నేను గుంటూరు అరండల్‌పేటలో పదహారేళ్లుగా ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. నా దుకాణానికి ఏడాదిలో రెండు కాలాలు. ఎండాకాలంలో ఫ్యాన్లలో దుమ్ము పేరుకుపోయి కాలిపోతున్న యంత్రాలు వస్తాయి. మేమింకా ఎంసెట్ అనే పిలుచుకుంటున్న ఈఏపీసెట్‌లో సీట్లు కేటాయించాక, కళాశాలలో రిపోర్టు చేసి ఫీజు కట్టి వచ్చిన తల్లిదండ్రులు వస్తారు. వాళ్లు బాగుచేయించడానికి ఏమీ తీసుకురారు. "మా వాడికి సీటొచ్చింది, ఏ ల్యాప్‌టాప్ కొనమంటారు?" అని అడగడానికే వస్తారు. ఏ బ్రాంచి అంటే టక్కున చెబుతారు. ఆ బ్రాంచిలో నాలుగేళ్లలో ఏయే సాఫ్ట్‌వేర్లు నేర్పుతారంటే మాత్రం తండ్రి పిల్లవాడి వైపు చూస్తాడు, పిల్లవాడు నేలచూపులు చూస్తాడు. ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవారు మీరు ఒక్కరే. మీ సిలబస్ పుస్తకంలో ల్యాబ్ పేజీల్లో అదంతా ఉంది. కానీ అది డబ్బు ఖర్చుపెట్టే వాళ్ల చేతికి, ఖర్చు పెట్టకముందు, వాళ్లకు అర్థమయ్యే భాషలో చేరడం లేదు. ఈ లేఖ ఆ ఒక్క విషయం గురించే.

సత్తెనపల్లి వైపు నుంచి ఒక మిర్చి రైతు తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. అమ్మాయి సివిల్ మూడో సంవత్సరం. సీటొచ్చిన ఏడాది డాలస్‌లో ఉండే బాబాయి సెలవులకు వస్తూ మ్యాక్‌బుక్ ఎయిర్ తెచ్చి ఇచ్చాడట; ఊరికే కాదు, సగం డబ్బు ఈ రైతే పంపారు. రెండేళ్లు వాడినా దాని మీద చిన్న గీత కూడా లేదు, గుడ్డ సంచిలో చుట్టి మరీ తెచ్చింది. మొదటి రెండేళ్లు ఏ ఇబ్బందీ రాలేదు. మూడో ఏడు స్ట్రక్చరల్ డిజైన్ మొదలయ్యాక భవనాల బలం లెక్కగట్టే స్టాడ్ ప్రో, ఈటాబ్స్ చేసుకోవాల్సి వచ్చింది. ఆ రెండూ విండోస్‌లోనే నడుస్తాయి. "అంకుల్, దీంట్లో విండోస్ వేసిపెడతారా?" అని అడిగింది. ఇంటెల్ చిప్ ఉన్న పాత మ్యాక్‌లలో బూట్ క్యాంప్ ద్వారా విండోస్ వేసుకునే వీలుండేది. 2020 చివర్లో ఆపిల్ తన సొంత ఎం1 చిప్‌కు మారాక ఆ దారి మూసుకుపోయింది. మ్యాక్ లోపల విండోస్‌ను మరో పొరగా నడిపే పద్ధతులున్నాయి గానీ, అక్కడ నడిచేది వేరే రకం చిప్ కోసం చేసిన విండోస్. దానిలో ఇలాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లను నమ్ముకుని ప్రాజెక్టు చేయమని నేను ఏ విద్యార్థికీ చెప్పలేను. చివరికి ఒక పాత విండోస్ ల్యాప్‌టాప్ కొనుక్కున్నారు. డబ్బు లెక్కబెట్టి ఇస్తూ ఆ రైతు అన్నది ఒక్కటే మాట: "ఈ సంగతి మొదటే ఎవరన్నా చెప్పుంటే సరిపోయేది గదండీ."

ఇందులో ఆ యంత్రం తప్పేమీ లేదు. అదే మ్యాక్‌బుక్ పక్కింటి సీఎస్‌ఈ అమ్మాయి చేతిలో ఉంటే నాలుగేళ్లూ హాయిగా నడిచేది. ఐఫోన్ యాప్‌లు రాసేవాళ్లకైతే ఎక్స్‌కోడ్ మ్యాక్‌లో తప్ప మరెక్కడా లేదు కనుక అది అవసరం కూడా. బాబాయి తప్పూ లేదు. ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తన పనికి ఏది బాగుందో అదే తెచ్చాడు. మన ఇళ్లలో ల్యాప్‌టాప్ సలహా ఎప్పుడూ ఇలాంటి బంధువు నుంచే వస్తుంది. ఆయనకు కంప్యూటర్లు తెలుసు, సివిల్ మూడో ఏడాది సిలబస్ తెలియదు. షోరూములో కుర్రవాడికి ఆ రెండూ అంతంతమాత్రమే. బీటెక్ అనగానే ఒక అరలోంచి, డిగ్రీ అనగానే ఇంకో అరలోంచి తీసి చూపిస్తాడు.

సివిల్, మెకానికల్, ఆర్కిటెక్చర్ విద్యార్థుల సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే తప్పుడు కొనుగోలు అందరికన్నా ఎక్కువ ఖర్చయ్యేది వీళ్లకే. డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్‌కు మ్యాక్ రూపం ఉంది కాబట్టి, మొదటి ఏడాది ఇంజినీరింగ్ డ్రాయింగ్ దాటాక అంతా ఇలాగే ఉంటుందని పిల్లలు అనుకుంటారు. ఆ తర్వాత వచ్చే రెవిట్, సాలిడ్‌వర్క్స్, కాటియా, క్రియో, త్రీడీఎస్ మ్యాక్స్ ఇవన్నీ విండోస్ కోసమే తయారైనవి. యాన్సిస్ వారు విద్యార్థులకు ఉచితంగా ఇచ్చే రూపం కూడా విండోస్‌కే. వీటిలో పెద్ద మోడల్ తెరిచినప్పుడు ముందు అరిచేది ర్యామ్, అంటే పని నడుస్తున్నంతసేపు యంత్రం వాడుకునే తాత్కాలిక మెమరీ. 8 జీబీతో మొదలుపెట్టవచ్చు గానీ అసెంబ్లీలో వందల భాగాలు చేరాక, లేదా ఒక ఐదంతస్తుల భవనాన్ని రెవిట్‌లో గీశాక 16 జీబీ లేకపోతే తెర స్తంభించిపోతుంది. ఆర్కిటెక్చర్‌లో నాలుగో, ఐదో ఏడాదికి వచ్చేసరికి గీసిన భవనాన్ని ఫొటోలా చూపించే లుమియన్ లాంటి రెండరింగ్ సాఫ్ట్‌వేర్లు వస్తాయి. అవి గ్రాఫిక్స్ కార్డును, అందులోని సొంత మెమరీని చూస్తాయి. హైదరాబాద్ మాసబ్‌ట్యాంకులోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో చదివే మా బంధువుల అబ్బాయి అధ్యాపకులు ప్రాజెక్టును చూసే జ్యూరీకి ముందురోజు రాత్రి రెండర్ పెట్టి, అది తెల్లవారేదాకా సాగుతుంటే పక్కన కూర్చుని కాపలా కాసేవాడు. అలాంటి కోర్సుకు విడిగా గ్రాఫిక్స్ కార్డున్న, రెండున్నర కిలోల బరువున్న యంత్రం కొనడంలో అర్థం ఉంది. వీళ్లకు నిజంగా అవసరం. అయినా ఐదేళ్ల కోర్సులో ఆ అవసరం మూడో ఏడాదిలో వస్తుందా, మొదటి ఏడాదిలోనే వస్తుందా అన్నది మీరు చెప్పాలి. మూడో ఏడాదిలో వచ్చేదైతే మొదటి ఏడాదిలోనే లక్షకు పైగా పెట్టడం దండగ; రెండేళ్లలో అదే ధరకు మరో తరం వస్తుంది.

ఈ మాట చెబుతూనే దానికి ఎదురు మాట కూడా చెప్పాలి. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లకే మెమరీ తయారీదారులు తమ సరుకులో పెద్ద వాటా మళ్లించడం దానికి ముఖ్య కారణం. "ఇప్పుడు 8 జీబీ కొను, తర్వాత ఇంకో 8 వేసుకుందాం" అని నేను ఏళ్ల తరబడి ఇచ్చిన సలహా ఇప్పుడు మునుపటంత చవక సలహా కాదు. పైగా ఆ సలహా అన్ని యంత్రాలకూ పనికిరాదు.

ఒక తల్లి, కొడుకు వచ్చారు. యంత్రం సన్నగా, తేలికగా, చూడముచ్చటగా ఉంది. అబ్బాయి సీఎస్‌ఈ రెండో ఏడు. ఫోన్ యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి, దాంట్లో ఫోన్ ఎమ్యులేటర్ నడిపి, పక్కన బ్రౌజర్లో నాలుగు ట్యాబులు తెరిస్తే మౌస్ బాణం కూడా కదలడం లేదన్నాడు. అందులో ఉన్నది 8 జీబీ. కొన్నచోట "ర్యామ్ ఎప్పుడైనా పెంచుకోవచ్చు" అన్నారట. నేను వెనక మూత స్క్రూలు ఒక్కొక్కటే విప్పి, ప్లాస్టిక్ ముక్కతో అంచు లేపి, దీపం దగ్గరికి జరిపి ఆమెకు చూపించాను. స్లాట్ ఉంటుందనుకున్న చోట గోరంత నల్లటి చిప్పులు నాలుగు, నేరుగా బోర్డుకే అతికించి ఉన్నాయి. "ఇదేనమ్మా ర్యామ్. తీసేదీ కాదు, వేసేదీ కాదు. పెంచాలంటే మదర్‌బోర్డే మార్చాలి" అన్నాను. ఆమె చాలాసేపు ఆ చిప్పుల వంకే చూసింది. తర్వాత, "మరి డబ్బా మీద ఎక్కడా రాయలేదే" అంది. నిజమే, రాయలేదు. సన్నటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఇప్పుడు ఇదే వరస. ఆపిల్ వాటిలోనైతే ఏ ఒక్కదానిలోనూ కొన్నాక పెంచే వీలు లేదు. కనుక మీరు ఇచ్చే కాగితంలో "16 జీబీ, లేదా 8 జీబీతో పాటు ఖాళీ స్లాట్" అని ఒక్క మాట రాస్తే, ఆ తల్లి షోరూములో అడగాల్సిన ప్రశ్న ఆమె చేతిలో ఉండేది.

సీఎస్‌ఈ పిల్లల గురించి జనంలో ఉన్న నమ్మకానికి, వాస్తవానికి చాలా దూరం ఉంది. కంప్యూటర్ బ్రాంచి కాబట్టి అన్నిటికన్నా పెద్ద కంప్యూటర్ కావాలని తల్లిదండ్రులు అనుకుంటారు. మొదటి ఏడాది వాళ్లు రాసేది సీ ప్రోగ్రాములు, పైథాన్. మన ప్రాంతంలో కొన్ని ల్యాబుల్లో ఇప్పటికీ టర్బో సీ నీలిరంగు తెర మీదే సీ నేర్పుతున్నారన్న సంగతి మీకు నేను గుర్తుచేయనక్కర్లేదు. ఆ పనికి పదేళ్ల నాటి యంత్రమైనా సరిపోతుంది. తర్వాత డేటాబేస్‌లు, వెబ్, వర్చువల్ మెషీన్లు, డాకర్ వచ్చినప్పుడు కావలసింది ర్యామ్, ఫైళ్లు దాచుకునే చోటుగా పాత హార్డ్ డిస్కు కన్నా వేగంగా చదివే ఎస్‌ఎస్‌డీ, మంచి కీబోర్డు. గ్రాఫిక్స్ కార్డు అవసరం ఎక్కడా రాదు. ఏఐ-ఎంఎల్ అని పేరు తగిలించిన బ్రాంచిలో సీటొస్తే మాత్రం ఇంట్లో కలకలం మొదలవుతుంది. ఎన్‌విడియా కార్డున్న గేమింగ్ ల్యాప్‌టాప్ లేకపోతే పిల్లవాడు వెనకబడిపోతాడని ఎవరో చెబుతారు. 'కూడా' (CUDA) అనే ప్రోగ్రామింగ్ వ్యవస్థ ఎన్‌విడియా కార్డుల మీదే నడుస్తుందన్నది నిజం. అయితే తక్కువ ధర గేమింగ్ ల్యాప్‌టాప్‌ల కార్డుల్లో మెమరీ చాలావరకు 4 జీబీ, 6 జీబీ మాత్రమే; దాని మీద నేర్చుకునే చిన్న మోడళ్లు గూగుల్ తన కంప్యూటర్ల మీద నడిపే కొలాబ్‌లో బ్రౌజర్ నుంచే ఉచితంగా చేసుకోవచ్చు, పెద్ద మోడళ్లు దానిలో ఎలాగూ పట్టవు. మీ విభాగం కొలాబ్ వాడుతుందా, సొంత సర్వర్ ఉందా, లేక విద్యార్థి యంత్రం మీదే చేయమంటుందా అన్నది మీరు చెబితే ముప్పై, నలభై వేల తేడా అక్కడే తేలిపోతుంది.

ఈసీఈ వాళ్లది ఇంకో చిక్కు. ఎంబెడెడ్ ల్యాబులో వాడే కీల్ మైక్రోవిజన్, సర్క్యూట్లు పరీక్షించే ప్రోటియస్, మల్టీసిమ్ విండోస్‌వే. ఎఫ్‌పీజీఏ అనే, మనకు కావలసినట్టు మార్చుకోగల చిప్పుల పనికి వాడే వివాడో విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, మ్యాక్‌లో నడవదు. వేసుకోవడానికే పదుల జీబీల చోటు కావాలి. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న అమ్మాయి ఒకామె దాన్ని వేయడం కోసం ఇంట్లో పెళ్లి ఫొటోలన్నీ పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించుకుని వచ్చింది, ఆ పెన్‌డ్రైవుల్లో ఒకటి నా ముందే పాడైంది. ఇక వీఎల్‌ఎస్‌ఐ, అంటే చిప్పుల లోపలి సర్క్యూట్ల డిజైన్ నేర్పే కేడెన్స్ లాంటివి కళాశాల సర్వర్ల మీద లినక్స్‌లో నడిచేవే తప్ప విద్యార్థి కొనుక్కుని వేసుకునేవి కావు. ఏ ల్యాప్‌టాప్ కొన్నా ఆ పని ల్యాబులోనే చేయాలని ముందే తెలిస్తే దాని కోసం డబ్బు పెట్టరు. 2024 నుంచి బజారులోకి వచ్చిన స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్ విండోస్ ల్యాప్‌టాప్‌ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. బ్యాటరీ రోజంతా వస్తుంది, చూడడానికి అన్నీ విండోస్ లాగే ఉంటాయి. కానీ లోపలి చిప్ రకం వేరు గనుక ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్లలో, బోర్డులను కలిపే డ్రైవర్లలో కొన్ని అందులో నడవవు. విండోస్ అని చూసి కొన్నాక ఈ సంగతి తెలుసుకోవడం కంటే మీ కాగితంలో "ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్" అని ఉండడం మేలు.

బీకామ్ చేరిన ఒక అబ్బాయికి వాళ్ల నాన్న వాయిదాల మీద గేమింగ్ ల్యాప్‌టాప్ కొనిచ్చాడు. కీబోర్డు కింద ఎర్ర దీపాలు, పెద్ద ఫ్యాన్లు, ఇటుక లాంటి ఛార్జర్. బ్యాగు మోయలేక భుజం నొప్పి పుడుతోందని వాడు చెబితే, పక్కన కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూశాం: ల్యాప్‌టాప్, ఛార్జర్ కలిపి మూడు కిలోల పైమాటే. క్లాసులో ఛార్జర్ లేకుండా రెండు గంటలు కూడా రాదు, క్లాసు గదిలో ప్లగ్గు లేదు. ఆ కుర్రవాడి సిలబస్‌లో ఉన్నవి టాలీ ప్రైమ్, ఎక్సెల్, కొద్దిగా లెక్కలను గ్రాఫులుగా చూపించే పవర్ బీఐ. ఇవి మూడూ సగం ధరకు వచ్చే మామూలు విండోస్ యంత్రంలో చక్కగా నడుస్తాయి. ఇక్కడా మ్యాక్ కొంటే టాలీ ప్రైమ్ రాదు, పవర్ బీఐ డెస్క్‌టాప్ రాదు. ఎక్సెల్ వస్తుంది గానీ అందులో పవర్ పివట్ ఉండదు. అగ్రికల్చర్ బీఎస్సీ, ఇతర సైన్సు డిగ్రీల వాళ్లకు ఎక్సెల్‌తో పాటు గణాంకాల కోసం ఆర్ లాంటిది వస్తుంది, అది ఎక్కడైనా నడుస్తుంది. వైద్య విద్యార్థులకు చదువుకునే తెర తప్ప మరేమీ అక్కర్లేదు. జర్నలిజం, తెలుగు ఎంఏ చదివేవాళ్లకు ఏ యంత్రమైనా సరే. కాకపోతే మొదటి రోజు నుంచే, ఏ కంప్యూటర్లోనైనా సరిగ్గా కనిపించే యూనికోడ్‌లో టైపు చేయడం నేర్పండి. డీటీపీ సెంటర్ల అలవాటు కొద్దీ 'అను' (Anu) అనే పాత తెలుగు ఫాంట్లలో ప్రాజెక్టు రిపోర్టు కొట్టించుకుని, అది మరో కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తున్నాయని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చిన పిల్లలను ప్రతి ఏడూ చూస్తున్నాను. అది మరమ్మతు విషయం కాదు, కానీ వాళ్లు రేపు సమర్పించాలి.

కొత్తది కొనలేనివారు పాతది కొంటారు. అందులో నాకేమీ అభ్యంతరం లేదు. ఆఫీసులు వాడి అమ్మేసిన గట్టి యంత్రాలు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి మా ఊరి దుకాణాల దాకా దొరుకుతాయి, వాటిలో చాలా మంచివి ఉంటాయి. మోసపోయేది స్టిక్కర్ దగ్గర. ఇంటెల్ చిప్ స్టిక్కర్ మీద ఐ7 అని ఉంటే ఐ5 కన్నా గొప్పదని అందరి నమ్మకం. ఏడో తరం ఐ7-7500యూ లో ఉన్నవి రెండు కోర్లు, అంటే పనిచేసే భాగాలు రెండే. దాని తర్వాతి ఏడాది వచ్చిన ఎనిమిదో తరం ఐ5-8250యూ లో నాలుగు. అదీగాక విండోస్ 11 ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అంగీకరిస్తుంది, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ముగించింది. అంటే "ఐ7, 16 జీబీ" అని మురిసిపోయి కొన్న ఏడో తరం యంత్రం కొనేనాటికే కాలం చెల్లినది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుకునే పిల్లలు కొనేది ఎక్కువగా ఇలాంటివే. ఆ పథకం ఫీజు వరకే, ల్యాప్‌టాప్ వాళ్ల ఇంటి డబ్బు. కనుక మీ కాగితంలో పాత యంత్రం కొనేవారి కోసం ఒక వాక్యం ప్రత్యేకంగా ఉండాలని నా మనవి: ఏ తరానికి తగ్గకూడదో, హార్డ్ డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ ఉందో లేదో చూడమని, తక్కువ ధర యంత్రాల్లో బోర్డుకే అతికించే 64 జీబీ ఈఎంఎంసీ నిల్వ ఉంటే వద్దనమని.

ఇప్పుడు మీకు కాస్త కష్టంగా ఉండే మాట. ఏ ల్యాప్‌టాప్ కావాలన్నది సగం మీ ల్యాబు తలుపులు ఎన్ని గంటలకు మూస్తారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఊరి బయట ఉన్న కళాశాలల్లో సాయంత్రం బస్సులు బయలుదేరే వేళకు ల్యాబు అసిస్టెంటు తాళం చెవులు పట్టుకుని నిలబడతాడు. డే స్కాలరు బస్సు తప్పితే ఇల్లు చేరలేడు. వారానికి మూడు గంటల ల్యాబు పీరియడులో అరగంట హాజరుకు, అరగంట రికార్డు సంతకాలకు పోతే ఈటాబ్స్‌లో ఒక భవనం పూర్తి చేయడం ఎవరి వల్లా కాదు. హాస్టలు పిల్లలకైనా రాత్రి తొమ్మిది దాకా ల్యాబు తెరిచి ఉంచే కళాశాలలు కొన్ని ఉన్నాయి. అక్కడ చదివే పిల్లలు నా దగ్గరికి వచ్చి పెద్ద యంత్రం అడిగింది తక్కువ. ఇది నా పదహారేళ్ల అనుభవం. మీ ల్యాబులో 16 జీబీ ర్యామ్‌తో, లైసెన్సులతో అన్నీ సిద్ధంగా ఉన్నప్పుడు, అవి రోజుకు నాలుగు గంటలు ఎక్కువ తెరిచి ఉంటే మీ విద్యార్థుల్లో చాలామంది ముప్పై, నలభై వేల యంత్రంతో చదువు పూర్తి చేయగలరు. తెరిచి ఉంచలేమంటే ఆ మాటా కాగితంలో రాయండి, తల్లిదండ్రులు దానికి తగ్గట్టు కొనుక్కుంటారు.

లైసెన్సుల సంగతి కూడా అంతే. ఆటోడెస్క్ తన సాఫ్ట్‌వేర్లను విద్యార్థులకు ఏడాదికోసారి పొడిగించుకునేలా ఉచితంగా ఇస్తుంది, చదువుతున్నట్టు ఆధారం చూపాలి. మైక్రోసాఫ్ట్ ఆఫీసు వెబ్ రూపం కళాశాల మెయిలు ఉంటే ఉచితం. ఈ మెయిలు ఐడీ మొదటి వారంలోనే ఇస్తే పిల్లలు టెలిగ్రామ్ గుంపుల్లో దొరికే క్రాకు ఫైళ్లు వేసుకుని, వాటితో పాటు వచ్చిన వైరసును తీయించుకోవడానికి నా దగ్గరికి రారు. నా ఆదాయంలో ఒక భాగం ఆ వైరసుల వల్లే వస్తోందని ఒప్పుకుంటున్నాను, అయినా చెబుతున్నాను.

నేను కోరుతున్న కాగితం పెద్దది కాదు. ఒక్కో బ్రాంచికి ఒక పేజీ చాలు. ఏ సెమిస్టరులో ఏ సాఫ్ట్‌వేరు వస్తుంది, అది ఏ ఆపరేటింగ్ సిస్టంలో నడుస్తుంది, దాన్ని ల్యాబులోనే చేయవచ్చా, ఇంట్లోనూ చేయాలా, ఇంట్లో చేయాలంటే కనీసం ఎంత ర్యామ్, ఎంత నిల్వ, విడి గ్రాఫిక్స్ కార్డు కావాలా అక్కర్లేదా అన్నవి ఒక పట్టికగా వేసి, కింద మూడు నాలుగు వాక్యాలు తెలుగులో రాయండి. అందులో ముఖ్యంగా "మొదటి సంవత్సరం ల్యాప్‌టాప్ తప్పనిసరి కాదు" అన్న వాక్యం, అది నిజమైన బ్రాంచిల్లో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. సీటు కేటాయింపు కాగితంతో పాటో, రిపోర్టింగ్ కౌంటర్ పక్క గోడ మీదో పెట్టండి. తరగతులు మొదలయ్యాక, సెప్టెంబరులో, విద్యార్థుల వాట్సాప్ గుంపులో ఇంగ్లీషులో వేస్తే ఉపయోగం లేదు. అప్పటికి కొనడం అయిపోతుంది, ఆ గుంపులో తండ్రి ఉండడు.

రెగ్యులేషన్లు, అంటే విశ్వవిద్యాలయం సిలబస్ నిబంధనలు, మారుతూ ఉంటాయని, ఆర్20 పోయి ఆర్23 వచ్చినట్టు రేపు మరొకటి వస్తుందని మీరు అనవచ్చు. నిజమే, కానీ ఒక బ్యాచ్ ఏ రెగ్యులేషన్‌తో చేరుతుందో దానితోనే చదువు ముగిస్తుంది. చేరే రోజున మీకు తెలిసిన సిలబసే దాని నాలుగేళ్లకూ సరిపోతుంది. ఫలానా కంపెనీకి ప్రచారం చేసినట్టవుతుందని ఇంకొందరు అంటారు. కంపెనీ పేరే రాయకండి. ప్రాసెసర్ తరం, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బరువు ఇవి రాస్తే చాలు, ఏ కంపెనీది కొనాలో వాళ్లు చూసుకుంటారు. అడ్మిషన్ల హాలులో ఒకే దుకాణం వాళ్ల బల్ల వేయించి, అక్కడ కొంటే తగ్గింపు అని చెప్పే పద్ధతి మాత్రం మానండి. అలాంటి బల్ల దగ్గర ఈఈఈ అమ్మాయికి, బీబీఏ అబ్బాయికి ఒకే మోడల్ అమ్మిన బిల్లులు నేను చూశాను.

ప్లేస్‌మెంటు ఆఫీసును కూడా ఈ పనిలో కలుపుకోండి. ఆన్‌లైన్ పరీక్షలకు కెమెరా, మైకు తప్పనిసరి. చాలా పరీక్షలు సొంత బ్రౌజరు వేయమంటాయి. నాలుగో ఏడాదిలో పరీక్షకు అరగంట ముందు కెమెరా పనిచేయడం లేదని వచ్చే పిల్లలను చూస్తే నాకే గుండె దడగా ఉంటుంది.

గత శనివారం చిలకలూరిపేట నుంచి ఒక తండ్రి వచ్చారు. కూతురికి మెకానికల్ సీటు వచ్చింది. ఆ బ్రాంచిలో అమ్మాయిలు తక్కువ కాబట్టి అడగడానికి సీనియర్లు కూడా ఎవరూ దొరకలేదట. జేబులోంచి ఒక పాత రసీదు తీసి, వెనకవైపు తెల్లగా ఉన్నచోట, "మీరు చెప్పండి, నేను రాసుకుంటాను" అన్నారు. నాకు తెలిసినంత చెప్పి రాయించాను. తర్వాత ఆ కళాశాలలో ఏ సాఫ్ట్‌వేరు ఏ సెమిస్టరులో వస్తుందో హెచ్‌ఓడీ గారినే అడిగి, ఈ కాగితం మీద వారి చేత రాయించుకుని రమ్మన్నాను. అప్పటిదాకా ఏదీ కొనవద్దన్నాను. ఆయన సోమవారం మీలో ఒకరి గది ముందు ఆ రసీదు పట్టుకుని నిలబడి ఉంటారు.

ఇట్లు,
గుంటూరు అరండల్‌పేట నుంచి,
ఒక ల్యాప్‌టాప్ మరమ్మతుదారుడు